ఫ్రిజ్ మీది పదకొండు సూత్రాలు

స్టవ్ మీద నీళ్ళు పెట్టుకున్న ఇల్లాలి వెనకాల, చేతిలో వాచీ పట్టుకుని నిలబడే మామగారు ఉండడం ఎంత అదృష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నాకు తెలిసింది. నాలుగు రోజులుగా పూటపూటకీ తెలుస్తోంది.

"బుడగలు వచ్చేశాయి మామయ్యగారూ, దించనా?" అంటే, "అవి అంచు బుడగలమ్మా. నడిమధ్య నుంచి రావాలి" అంటారు. నడిమధ్య నుంచి వచ్చాక అప్పుడు వాచీ చూడడం మొదలుపెడతారు. నిమిషం చాలునని నోటీసులో ఉందట. మా ఇంట్లో మాత్రం మూడు నిమిషాలు. "వాళ్ళు కనీసం చెబుతారు, మనం గరిష్ఠం చెయ్యాలి" అన్నారు. పూర్తయ్యాక డైరీలో టైము వేసి పక్కన పొట్టి సంతకం. ముప్పైయేళ్ళు సూపరింటెండెంటుగా చేసిన మనిషి. పైనుంచి దిగిన పొడుగాటి ఉత్తర్వుల్ని కుదించి, కిందివాళ్ళకి అర్థమయ్యే భాషలో తిరగరాసి పంపడమే ఆయన ఉద్యోగం. రిటైరై పన్నెండేళ్ళయింది. కిందివాళ్ళ కొరత తీర్చడానికి మేమున్నాం.

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. మంగళవారం కూడలి దగ్గర మంచినీళ్ళ పెద్ద గొట్టం పగిలింది. మధ్యాహ్నానికల్లా ప్రతి ఇంటి తలుపు కిందనుంచీ నోటీసు వచ్చింది: మళ్ళీ చెప్పేదాకా కుళాయి నీళ్ళు మరిగించుకునే వాడండి అని. మా తలుపు కింద అది సగం లోపలికి రాకముందే మామగారు లాగేసుకున్నారు. గంటలో దాన్ని పదకొండు సూత్రాలుగా కుదించి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. అసలు నోటీసు ఫైల్లోకి వెళ్ళింది. అప్పటినుంచీ ఆ పదకొండూ మాకు శిలాశాసనం. పళ్ళు తోముకోవడానికి మరిగించిన నీళ్ళ చెంబు, కూరగాయలు కడగడానికి మరిగించిన నీళ్ళ గిన్నె. ఐసు ముక్కలన్నీ సింకులో పారబోశాం. స్నానం చేస్తే నోరు మూసుకుని చెయ్యాలి, ఇది ఐదో సూత్రం. మావారికి పాటలు బందయ్యాయి కాబట్టి ఆ సూత్రం మీద నాకేం ఫిర్యాదు లేదు.

శుక్రవారం పొద్దున మా ఆడపడుచు చిట్టి కొడుకు, మూడు నెలల చంటాడు, వరసగా విరేచనాలు చేసుకున్నాడు. ఒళ్ళు వెచ్చబడింది. తపాలా ఆఫీసు యూనిఫాంలో, ఒక కాలికి చెప్పు ఉండి ఒక కాలికి లేకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చిట్టి నన్ను అడిగింది:

"వదినా, అసలు నీళ్ళు మరిగించావా?"

అక్కడే కదా ఆగాం.

అడగడానికి చిన్న ప్రశ్న. కానీ దానికి కారణం ఉంది. చిట్టి మొగుడు ఓడ మీద పనిచేస్తాడు, ఆరునెలలకోసారి నేల మీద కాలు పెడతాడు. అతను దిగేదాకా తల్లీబిడ్డా మా ఇంట్లోనే. చిట్టి సెలవు కిందటి ఆదివారంతో అయిపోయింది. పొద్దున ఏడింటికి వెళ్తే మళ్ళీ మూడింటికి వస్తుంది. ఆ మధ్యలో చంటాడికి పాలపొడి కలిపి పట్టే మూడు సీసాలూ నా చేతివే. వాడికి ఏమైనా అయిందంటే చూడాల్సింది ముందు నా చేతులవైపే.

"మరిగించాను" అన్నాను.

"ఎంతసేపు?"

"మూడు నిమిషాలు. నమ్మకపోతే మీ నాన్నగారి డైరీ చూసుకో. సంతకాలు కూడా ఉన్నాయి."

"నమ్మకపోవడం కాదు వదినా..." అని ఆగింది. ఆ ఆగడంలోనే నమ్మకపోవడం అంతా ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మావారు పేపరు దించి, "నేనైతే వంటింట్లోకే రాలేదు" అన్నారు. అది నిజమే. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా నిజమే.

మామగారు డైరీ తెచ్చి చిట్టి ముందు తెరిచిపెట్టారు. "బుధవారం మూడుసార్లు, గురువారం మూడుసార్లు. కోడలి వైపు నుంచి లోటు లేదు" అన్నారు, ఆడిటుకొచ్చినవాళ్ళకి రిజిస్టరు చూపించినట్టు. నన్ను వెనకేసుకొచ్చారని సంతోషించాలా, నా మీద విచారణ జరిగిందని ఏడవాలా తేలక ఊరుకున్నాను. చిట్టి ఆఫీసుకి సెలవు చెప్పింది. ఆరోగ్యకేంద్రానికి ఫోన్ చేసింది.

తొమ్మిదింటికి నర్సు వచ్చింది. యాభై దాటిన మనిషి. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకోకుండానే చేతులకేదో మందు రాసుకుని చంటాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. నాలుక చూసింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో చిన్నగా పట్టి వదిలింది. జ్వరం చూసింది.

"నిన్న సాయంత్రం నుంచి ఎన్ని గుడ్డలు తడిపాడు?"

"రెండు" అంది చిట్టి.

"తక్కువ" అంది నర్సు. ఆ ఒక్క మాటకి చిట్టి మొహంలో రక్తం చుక్క లేకుండా పోయింది.

"ఈ వీధిలో నాకిది ఐదో ఇల్లు" అంటూ నర్సు చంటాణ్ణి చిట్టికిచ్చి లేచింది. "మూడిళ్ళలో అసలు మరిగించనేలేదు, వేడి చేసి దించేశారు. ఇంకో ఇంట్లో మరిగించారు, మూత పెట్టలేదు, ఇల్లంతా అందులోనే చెయ్యి పెట్టింది. మీ ఇంట్లో ఏమిటో చూద్దాం. సీసా ఎవరు కలుపుతారు?"

నేను చెయ్యెత్తాను, బళ్ళో పిల్లలా.

"ఎలా కలుపుతారో చేసి చూపించండి. చెప్పొద్దు. చెయ్యండి."

అలా మా వంటింట్లో, అంతకుముందెప్పుడూ లేనంత మంది ప్రేక్షకుల మధ్య, నేను నీళ్ళు కాచాను. మామగారు అలవాటుకొద్దీ నా వెనక వచ్చి నిలబడి వాచీ తీశారు. నర్సు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరెవరండీ?"

"సూపరింటెండెంట్ని."

"ఏ ఆసుపత్రికి?"

మామగారు ఒక్క క్షణం తడబడి, "రిటైర్డ్" అన్నారు. ఆసుపత్రి సంగతి ఎత్తలేదు.

సబ్బుతో చేతులు కడుక్కున్నాను, మరిగించిన నీళ్ళతోనే. ఉడకబెట్టి ఆరబెట్టిన సీసా తీశాను. నీళ్ళు నడిమధ్య నుంచి ఎగిశాయి. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. మామగారు "ఊఁ" అన్నారు. దించాను. నర్సు ఒక్కొక్కదానికీ తల ఊపుతూ కాగితం మీద టిక్కులు పెడుతోంది. గుమ్మంలో నిలబడ్డ చిట్టి తలవంచుకుంది. నాకు లోపల్లోపల కొంచెం గర్వంగానే ఉంది, దాచడమెందుకు. వేడినీళ్ళు సీసాలో సగం దాకా పోశాను. పక్కకి తిరిగి ఫిల్టరు పంపు తిప్పాను.

నర్సు పెన్ను ఆగింది.

"ఆగండి. అవేం నీళ్ళు?"

"ఫిల్టరువి."

"మరిగించారా?"

"ఫిల్టరువండీ" అన్నాను మళ్ళీ, జవాబు ఆ మాటలోనే ఉన్నట్టు.

"ఆ ఫిల్టర్లోకి నీళ్ళు ఎక్కడినుంచొస్తాయి?"

ఎక్కడినుంచొస్తాయి! గోడకున్న కుళాయి నుంచి ఒక తెల్ల గొట్టం బయల్దేరి తిన్నగా దాన్లోకి వెళ్తోంది. నాలుగేళ్ళుగా వెళ్తూనే ఉంది. ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించాను. ఏడో సూత్రం: పసివాడి పాలకు మరిగించిన నీరు ఒక వంతు, ఫిల్టరు నీరు ఒక వంతు. గోరువెచ్చన తక్షణం సిద్ధం.

వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడన్నారు పెద్దలు. సంసారం గడవడం గురించి అన్నమాట అది. పాలసీసా గురించి కాదు.

నర్సు ఫ్రిజ్ దగ్గరికెళ్ళి ఒక్కొక్క సూత్రం మీదా వేలు పెట్టి చదివింది. చదవడం అయ్యాక మళ్ళీ పైనుంచి లెక్కపెట్టింది.

"పదకొండే ఉన్నాయి."

"అవును. పదకొండు" అన్నారు మామగారు, కొంచెం నిటారుగా అయి.

"మేం పంచిన దాంట్లో పన్నెండు."

సంచిలోంచి నోటీసు తీసి, దగ్గర్లో ఖాళీగా నిలబడ్డ మనిషి చేతికిచ్చి, "తొమ్మిదోది పైకి చదవండి" అంది. ఆ ఖాళీగా నిలబడ్డ మనిషి మావారు. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆయన పని. గొంతు సవరించుకుని చదివారు:

"ఇళ్ళలో వాడే ఫిల్టర్లు ఈ నీటిని సురక్షితం చెయ్యలేవు. ఫిల్టరు నుంచి వచ్చిన నీటిని కూడా మరిగించాకే వాడాలి." చదివి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "అచ్చు కొంచెం అలుక్కుపోయింది" అన్నారు.

"ఈ కాగితంలో ఆ వాక్యం లేదు" అంది నర్సు ఫ్రిజ్ వైపు చూపించి. "లేకపోగా, ఒకటో దాంట్లో, ఏడో దాంట్లో మేం రాయని మాట ఉంది. 'తాగడానికి మరిగించిన నీరు గానీ ఫిల్టరు నీరు గానీ' అట. ఎవరు రాశారిది?"

ఒకరు చెప్పక్కర్లేదు, చేతిరాతే చెబుతోంది.

నాకు ఒళ్ళు మండింది. మామగారి మీద మండాల్సింది మావారి మీద మండింది. కోడళ్ళకి అది సులువు. "రోజుకి ఇరవైసార్లు ఆ ఫ్రిజ్ తెరుస్తారు. తప్పులు పట్టడానికే మీకు జీతమిస్తారు. ఇంత తప్పు కళ్ళబడలేదా?"

"అసలు ప్రతి పక్కన ఉంటేనే కదే ప్రూఫు చూసేది! అది నాన్న ఫైల్లో ఉంది" అన్నారు. వృత్తిధర్మం ప్రకారం ఆ మాటలో లోపం లేదు.

మామగారు ఈలోగా నిమ్మకు నీరెత్తినట్టు వాచీ చేతికి పెట్టుకుంటున్నారు. "ఆ వాక్యం మామూలు ఫిల్టర్ల గురించమ్మా" అన్నారు నర్సుతో, ఓపిగ్గా. "మనది నాలుగు దశలది. నాలుగు దుకాణాలు తిరిగి, మూడు నెలలు చదివి ఎంపిక చేశాను. ప్రతి ఆదివారం నేనే విప్పి బ్రష్షుతో తోముతాను. మనకి వర్తించని వాక్యం మన కాగితంలో ఎందుకు? చదివేవాడు గందరగోళపడతాడు."

"క్రిమికి మీ ఫిల్టర్ ఎన్ని దశలదో తెలియదండీ" అంది నర్సు. కోపంగా కాదు. రోజూ పది ఇళ్ళలో చెప్పే మాటలాగే.

"మరి వాడు ఏడుస్తుంటే ఎవరు వినాలి?" మామగారి గొంతు హఠాత్తుగా మారింది. "సీసా చల్లారేదాకా పావుగంట. ఆ పావుగంటా వాడు నీలుక్కుపోయి ఏడుస్తున్నాడు. మీరు చూశారా? నేను చూశాను. అందుకే సగం సగం అన్నాను."

ఇది నాకు తెలియని విషయం కాదు. మంగళవారం మధ్యాహ్నం చంటాణ్ణి భుజాన వేసుకుని, సీసా చల్లారేదాకా హాల్లో ఆ చివరినుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగారో. వాడితోపాటు ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు. ఆ రోజు సాయంత్రమే ఏడో సూత్రం దిద్దుబాటు అయింది.

నేనూ గంగిగోవుని కాను. ఆ సూత్రం చదివినప్పుడు నాకో అనుమానం తగిలింది. అడిగితే నాలుగు దశలూ వివరిస్తారు, ఒక్కో దశకీ పావుగంట. నాకు పప్పు పొయ్యి మీద ఉంది. పోనీలే అనుకున్నాను. ఆ పోనీలే ఇప్పుడు చిట్టి భుజం మీద కళ్ళు సగం మూసుకుని పడుకునుంది.

"దీనివల్లే వచ్చిందని నేను ఖాయంగా చెప్పను. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది" అంది నర్సు, సంచి సర్దుకుంటూ. "కానీ బిడ్డని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, సాయంత్రం దాకా ఆగొద్దు. ఒంట్లో నీళ్ళు తగ్గుతున్నాయి. ఇంక ఆ ఫిల్టరు ముట్టుకోకండి. నోటీసు ఎత్తేశాక కూడా, లోపలి సరంజామా మార్చాకే. సీసా తొందరగా చల్లారాలంటే మూత బిగించి, మెడ మునక్కుండా చల్లనీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. బయటి నీళ్ళు బయటే ఉండాలి, లోపలివి లోపలే. అంతే."

అంతే. ఇంత చిన్న కిటుకు మా ఇంట్లో ఇద్దరు పట్టభద్రులకీ, ఒక సూపరింటెండెంటుకీ తట్టలేదు.

మావారు చొక్కా మార్చుకున్నారు. చిట్టి చంటాణ్ణి గుడ్డలో చుట్టి ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"నాన్నా."

"ఏమ్మా?"

"నేను పొద్దున వదినని అడిగాను, మరిగించావా అని. అందరి ముందూ అడిగాను. ఇప్పుడు నువ్వు ఒక్కమాట అను."

"ఏం మాట?"

"ఏం మాటో నీకు తెలుసు."

మామగారు నీళ్ళు నమిలారు. అవైనా మరిగించినవో కాదో. "ముందు డాక్టరు ఏమంటాడో చూద్దాం" అన్నారు చివరికి. "రిపోర్టు రానీ. నోటీసు రాసినవాళ్ళు కూడా వివరంగా రాయాల్సింది. ఏ రకం ఫిల్టర్లు, ఎన్ని దశలు..."

"నీ మనవడు నాన్నా వీడు. ఫైలు కాదు."

చిట్టి నా వైపు చూసింది. "వదినా, నేను..."

"తర్వాత చెబుదువుగాని. ముందు నడు" అన్నాను. మిగిలిన చెప్పు నేనే కాలి దగ్గర పెట్టాను.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను ఫిల్టరు గొట్టం మూసేశాను. సీసాలన్నీ మళ్ళీ ఉడకబెట్టాను. ఈసారి నా వెనక వాచీ లేదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఎన్ని నిమిషాలయిందో తెలియక ఇబ్బంది పడ్డాను. మామగారు హాల్లో కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. గంటసేపు ఒకే పేజీ. అన్నం తినలేదు. తినమని నేను రెండుసార్లే అడిగాను, మూడోసారి అడగలేదు. నాకూ కొంచెం పంతం ఉంటుంది కదా.

ఒంటిగంటకి మావారి ఫోన్. స్పీకర్లో పెట్టాను, కావాలనే.

"డాక్టరు చూశాడు. ఉప్పూ చక్కెరా కలిపిన మందు నీళ్ళు చెంచాతో పట్టిస్తున్నారు. కక్కలేదు. సూది అక్కర్లేదేమో అన్నాడు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి చూస్తారట. ఇందాకే గుడ్డ తడిపాడు. చిట్టి ఏడుస్తోంది."

"ఎందుకు?"

"తడిపాడని."

మా ఇంట్లో గుడ్డ తడిస్తే ఇంత సంబరపడ్డ రోజు అంతకుముందు లేదు. ఫోన్ పెట్టేసి చూస్తే, మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. చాలాసేపు తుడిచారు. ఇప్పుడంటారు అనుకున్నాను. అనలేదు. లేచి, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, పదకొండు సూత్రాల కాగితాన్ని మెల్లగా ఊడదీయబోయారు. ఓ మూల చిరిగింది. దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.

"అమ్మాయ్."

"ఆఁ."

"ఇదొక్కటే కాదు."

"ఏదొక్కటే కాదు?"

"జిరాక్సులు తీయించాను. ఏడు."

మా మెట్లకి ఇటూ అటూ కలిపి ఎనిమిది ఇళ్ళు. మాది పోతే ఏడు. లెక్క నాకు వెంటనే అందింది, అర్థం మాత్రం కొంచెం ఆలస్యంగా దిగింది.

"అందరికీ ఇచ్చారా?"

"చదవడానికి సులువుగా ఉంటుందని."

"పోనీలెండి, వాళ్ళ దగ్గర అసలు నోటీసు కూడా ఉంది కదా. అది చూసుకుంటారు."

మామగారు నా వైపు చూడలేదు. "ఒకే విషయం మీద రెండు కాగితాలు ఉంటే జనం ఏదీ పాటించరమ్మా. ముప్పైయేళ్ళ అనుభవం. అందుకని అవి వెనక్కి తీసుకున్నాను."

"వెనక్కి తీసుకున్నారా?"

"ఇచ్చినవాళ్ళవి. నలుగురు ఇచ్చారు."

బీరువా తెరిచి ఫైలు తీశారు. నీళ్ళు అని పైన చక్కగా చీటీ. లోపల మాదీ, మిగతా నాలుగిళ్ళవీ, మొత్తం ఐదు నోటీసులు, మూలన చిల్లులు పొడిచి, దారం గుచ్చి, తేదీ వేసి పదిలంగా ఉన్నాయి. వీధిలో ఏ ఇంట్లోనూ ఆ కాగితాలు ఇంత భద్రంగా ఉండి ఉండవు. చదవాల్సినవాళ్ళకి అందకుండా భద్రంగా.

"పదండి" అన్నాను. చేతులు తుడుచుకుని తాళం తీసుకున్నాను. ఆయన దారం ముడి వెతుక్కుంటుంటే నేనే విప్పాను.

కింది ఇంట్లో కేకులు చేసి అమ్మే ఆవిడ ఉంటుంది. తలుపు తీయగానే మామగారు నోటీసు చేతికిచ్చి, "చిన్న సవరణ వచ్చిందమ్మా. ఫిల్టరు నీళ్ళు కూడా మరిగించాలి" అన్నారు.

"మాకు ఫిల్టరే లేదు బాబాయిగారూ. మీ కాగితం మాత్రం భలే ఉంది, మా ఆయన మీ చేతిరాత చూసి నేర్చుకోమంటున్నాడు నన్ను."

మామగారు ఊపిరి పీల్చుకున్నారు. ఎదురింట్లో డ్రైవింగ్ నేర్పే ఆయన. "సవరణా? మేం నాలుగు రోజులుగా సోడాలే తాగుతున్నాం సార్. స్నానానికి కూడా తెద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు." అక్కడా గండం గడిచింది.

పై అంతస్తులో ఈమధ్యే కాపురానికొచ్చిన జంట. ఆ అమ్మాయి నోటీసు చదివి, కాగితం మీంచి తలెత్తింది. "మేం ఫిల్టరు నీళ్ళే తాగుతున్నామండీ మూడు రోజుల్నుంచి. మీ కాగితంలో తాగొచ్చని ఉంది కదా?"

"అది సవరించాం."

"అంటే ముందు రాసింది తప్పా?"

"సవరణ అంటే సవరణమ్మా" అన్నారు మామగారు. "ఇవాళ్టినుంచి మరిగించండి. కడుపులో తేడాగా ఉంటే ఆరోగ్యకేంద్రానికి ఫోన్ చెయ్యండి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళని చూశాం. నాలుగో కాలు కళ్ళముందు ఆడుతుంటే దాన్ని సవరణ అనే మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను. మెట్ల మలుపులో ఆపి అన్నాను: "మామయ్యగారూ, సవరణ అంటే వాళ్ళకి తీరిగ్గా వినిపిస్తుంది. తప్పు అంటే వెంటనే నీళ్ళు పారబోస్తారు."

ఆయన చేతిలో ఇంకొక్క నోటీసు మిగిలింది. దాని మీద ఆయనే పెన్సిల్తో రాసుకున్న ఇంటి నంబరు చూసి, మెట్టు మీదే ఆగిపోయారు.

"కోటు మాస్టారిది" అన్నారు.

పైన చివరింట్లో ఒంటరిగా ఉండే టైలరు ఆయన. జీవితమంతా కోట్లే కుట్టాడు కాబట్టి అందరికీ కోటు మాస్టారు. కిందటేడు పెద్ద ఆపరేషనై వచ్చాడు. కొత్త మూత్రపిండం వేశారు. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తిని అణిచిపెట్టే మందులు మింగుతున్నాడు, జీవితాంతం మింగాలట.

"ఆయన ఇంట్లో ఫిల్టరుందా?" అన్నాను.

"మన పాతది" అన్నారు మామగారు. "నేనే బిగించాను. మంగళవారం కాగితం ఇచ్చినప్పుడు అడిగాడు, నాలాంటివాడు ఇది తాగొచ్చంటారా అని. మీకేం భయం లేదు మాస్టారూ అన్నాను."

మిగిలిన మెట్లు ఆయన నాకంటే ముందు ఎక్కేశారు. డెబ్బై దాటిన మోకాళ్ళు, రెండేసి మెట్లు.

పగలంతా ఆ తలుపు వెనక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇవాళ లేదు. గుమ్మం ముందు రెండు రోజుల పేపర్లు, మడత విప్పకుండా.

మామగారు తలుపు తట్టారు. "మాస్టారూ! ఒక చిన్న సవరణ." జవాబు లేదు. గంట నొక్కారు. ఆ గంట లోపల మోగడం మాకు వినబడుతోంది. మళ్ళీ తట్టారు, ఈసారి గట్టిగా. నేను తలుపుకి చెవి ఆనించాను.

లోపల ఏదో కింద పడింది. గ్లాసు లాంటిది. నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి ఎక్కడో గోడకి తగిలి ఆగింది. ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు.

మామగారి చేతిలోంచి నోటీసు జారిపోయింది. వంగి తీయలేదు. రెండు అరచేతులూ తలుపు మీద మోపారు. ముప్పైయేళ్ళలో ఏ ఆఫీసూ, నలభైయేళ్ళలో ఏ ఇల్లూ విననంత పెద్ద గొంతుతో అరిచారు. కింద ఒక్కొక్క తలుపూ తెరుచుకోవడం నాకు వినిపిస్తోంది, ఆయనకి వినిపించడం లేదు.

"మాస్టారూ! నేను రాసింది తప్పు. ఆ నీళ్ళు తాగకండి. మీకేం భయం లేదన్నది కూడా తప్పే. తప్పు నాది, నాది మాస్టారూ. తలుపు తియ్యండి."